భద్రాచలంలో స్పిన్ పాఠం

ఎలక్ట్రాన్ స్పిన్ మీద పరిశోధన చేసినోణ్ణని మా ఊరు వైరాలో చానామందికి చెప్పుకున్న. హైదరాబాదు ల్యాబులో పదార్థాలను చల్లబరిచే యంత్రం నా చెయ్యి తగలంది నడిచేది కాదని కూడా చెప్పిన. నిజానికి పరిశోధన చేసింది మా ఇంటామె. నేను బడిలో సైన్సు టీచర్ని. సెలవుల్లో ఆమెకు టిఫిన్ డబ్బా తీసుకపోయి, ల్యాబు బయట బెంచీ మీద కునుకు తీసేటోణ్ణి.

రిటైరైనంక ఆమెకు ఒక్కటే పట్టుదల. భద్రాచలం కాలేజీలో అడివి ఊళ్ల పిల్లలకు తన పనిని తెలుగులో ఒక పాఠంగా చెప్పాలె. అర్థమైతదో లేదోనని ముందు నా మీద పరీక్షించేది.

"స్పిన్ అంటే బొంగరం తిరిగినట్టే గద?" అన్న ఒకసారి, కావాలనే.

"గట్ల చెప్పే పిల్లల్ని పాడుచేసిండ్రు సారూ మీరు. అది గిర్రున తిరగదు. ఎలక్ట్రాన్‌కు పుట్టుకతోనే ఉన్న గుణం. చిన్న అయస్కాంతం లెక్క, దానికో దిక్కుంటది."

చాటలో బియ్యం పలుచగా పరిచి, వేలితో ఒక చుట్టు గీసింది. రెండు పదార్థాల నడుమ ఇట్లనే పలుచగా ఇరికించిన పొరను క్వాంటం బావి అంటరట. అందులో ఎలక్ట్రాన్ పైకీ కిందికీ పోలేదు, అడ్డంగనే పోతది. బాగా చల్లబరిస్తే అది అలలాగా చుట్టుకు రెండు వైపులా తిరిగి, బయల్దేరిన చోటనే తనను తాను కలుసుకుంటది. ఆ రెండు అలలూ ఒకదానికొకటి బలమిస్తే మళ్లమళ్ల అక్కడికే వస్తది, కరెంటు తగ్గుతది. కొన్ని పదార్థాల్లో మాత్రం దారిపొడుగునా స్పిన్ దిక్కు మారుతుంటది. అప్పుడు రెండు అలలూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటయి.

"అంటే ఇంటికి రాదా?"

"వచ్చే అవకాశం తగ్గుతది. అందుకే కరెంటు బాగ పారుతది."

ఆ పాఠం చెప్పకముందే, మొన్న వానకాలంలో, ఖమ్మం దవాఖానాలో ఆమె పోయింది. కాలేజీవాళ్లు ఇప్పుడొద్దన్నా నేనే వచ్చి చెప్తనన్న. బస్సులో భద్రాచలం దాకా ఆమె మాటల్నే వల్లెవేసుకున్న.

బోర్డు మీద చుట్టు గీసి, స్పిన్ దిక్కు మారుడు దాకా బాగనే చెప్పిన. ఆ తర్వాత మాత్రం, "అది తప్పకుండ తిరిగొస్తది" అనేసిన. పిల్లలు రాసుకున్నరు. తప్పని నాకు తెలుసు. అయినా కొద్దిసేపు అట్లనే ఉండనియ్యబుద్ధయ్యింది. కానీ అది ఆమె పాఠం. అందులో అబద్ధం పెట్టుడు నాతోని కాలే.

"కొట్టేయండి" అన్న. "తిరిగొచ్చే అవకాశం తగ్గుతది."

పాఠం అయినంక పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టిండ్రని వైరాలో చెప్పిన. ఎవరూ కొట్టలే. ముందు బెంచీ అమ్మాయి మాత్రం, "ఎందుకు తగ్గుతది సార్?" అనడిగింది. నేను బోర్డు దిక్కు తిరిగి, రెండు అలలనూ మొదటి నుంచి గీసిన. మొఖం వాళ్లకు కనపడకుండ చానాసేపు గీసుకుంటనే ఉన్న.