సుగుణక్క పైకి పొమ్మన్న రోజు

ప్రింటర్‌లోంచి వేడివేడిగా వచ్చిన క్లెయిమ్ కాగితం చేతికి తగిలితే చాలు, నాకు సుగుణక్క గుర్తొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం పనిచేసిన చిన్న ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ బిల్లులన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్లేవి. నేను చంపాపేటలో స్థిరపడ్డ గుంటూరు వాళ్ల అమ్మాయిని, ఉద్యోగానికి కొత్త. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులవి. యాస బయటపడుతుందని బస్సులో నోరు మెదిపేదాన్ని కాదు.

పోచంపల్లి దగ్గర ఊరి నుంచి వచ్చిన మల్లయ్య అనే నేతగాడి చేతికి ఒకే పూట రెండు ఆపరేషన్లు జరిగాయి. డాక్టరుగారు ముందు విరిగిన వేలి ఎముకకు తీగ వేసి, తర్వాత తెగిన నరాలు కలిపారు. నేనూ బుద్ధిగా అదే వరుసలో ఆపరేషన్ల కోడ్లు వేసి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాను. మొదట రాసినదానికి పూర్తి సొమ్ము, రెండోదానికి సగమే ఇస్తారని నాకేం తెలుసు? నరాల ఆపరేషనే పెద్దది, దానికే సగం కోసేశారు. ఆ తేడా సొంతంగా కడితేగాని ఆసుపత్రివాళ్లు మల్లయ్యను ఇంటికి పంపరు. మర్నాడు బంద్, బస్సులుండవు.

కాగితం చూసి సుగుణక్క తల పట్టుకుంది.

"ఏందే ఇది? డాక్టర్ ఏది ముందు చేసిండో మనకెందుకు? పెద్దది ముందు రాయాలె. జర అడగొద్దా నన్ను?"

"సరిచేసి పంపేద్దాం అక్కా. మల్లయ్యగారికి తెలియక్కర్లేదు కదా."

"పంపుత. నువ్వు పైకి పోయి, తప్పు నాదని చెప్పిరా."

"నా యాస వింటే ఏమంటారో అక్కా..."

"తిడితే పడు. పొద్దుగాల్నుంచి పరేషాన్ అయితుండు గాయన."

అక్క మీద ఒళ్లు మండిపోయింది. గొణుక్కుంటూ మెట్లెక్కి, మల్లయ్య మంచం దగ్గర నిలబడ్డాను. "తప్పు నాదండీ. ముందు రాయాల్సింది వెనక రాశాను. సాయంత్రానికల్లా సరిచేస్తాం" అన్నాను.

ఆయన నా యాసను పట్టించుకోనే లేదు. కట్టు కట్టిన చేయి కదపలేక, దిండు పక్కనున్న ఫోను కళ్లతో చూపించాడు. "మా తమ్మునికి కలుపు బిడ్డా. మగ్గం అమ్మెయ్యమని ఇప్పుడే చెప్పిన. బేరగాడు ఇంట్లనే కూసున్నడంట."

నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను. మూడోసారికి తమ్ముడు దొరికాడు, బేరం ఆగింది.

సుగుణక్క వరుస మార్చి పంపి, కంపెనీవాళ్లను ఫోన్లతో నిలవనీయలేదు. సాయంత్రం అయిదింటికి అనుమతి వచ్చింది. మల్లయ్య ఎల్బీ నగర్‌లో బస్సెక్కాడు. నేనన్నట్టే ఆయనకు చెప్పకుండా సరిచేసి ఉంటే, అదే అయిదింటికి అంతా సరిగ్గానే ఉండేది, ఆయన మగ్గం తప్ప.

ఇప్పుడు ఇన్సూరెన్స్ విభాగం నా చేతిలోనే ఉంది. తప్పు జరిగిందని తెలిస్తే, దిద్దడం వేరేవాళ్లకు అప్పగించి నేను ముందు మంచం దగ్గరికి వెళ్తాను. ఇన్నేళ్లయినా ఆ నాలుగడుగులు వేయడం నాకు తేలిక కాలేదు.