ఎల్లక్క ఒడి గింజలు

బోథ్ దిక్కున ఉన్న మామిడిబోరిలో గ్రామసేవక్ సారయ్యను ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. కుండ సాబు అనేవారు. సైకిల్ వెనుక ఎప్పుడూ ఒక మట్టికుండ కట్టుకుని తిరిగేవాడు మరి. ఆ కుండలో జొన్న విత్తనం పోసి, పైన మందు పొడి చల్లి, మూతికి గుడ్డ బిగించి, రెండు చేతులా పట్టుకుని పసిపిల్లను ఊపినట్టు ఊపేవాడు. ప్రతి గింజకూ పొడి అంటేదాకా ఆపేవాడు కాదు. చూడ్డానికి నవ్వు వచ్చేది. ఊరు నవ్వేది కూడా.

ఆయనది కరీంనగర్ జిల్లా, జగిత్యాల దగ్గరి పల్లె. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు ఈ కొలువు మీద ఇటు వచ్చాడు. మామిడిబోరిలో అప్పటికి కొన్నేళ్లుగా జొన్నకు కాటుక తెగులు పట్టుకుని ఉంది. కంకి బయటికి వచ్చేదాకా చేను పచ్చగా, ఏ జబ్బూ లేనట్టు ఉంటుంది. తీరా కంకి విప్పి చూస్తే గింజ ఉండాల్సిన చోట నల్లటి మసి. కల్లంలో కొడితే మనుషులు బొగ్గుబాయిలో దిగి వచ్చినవాళ్లలా తయారయ్యేవాళ్లు. రెండు మూడెకరాల చెలక మీద బతికే ఇళ్లకు జొన్న పోయిందంటే రొట్టె పోయినట్టే. వాళ్లకు వేరే తిండి పెద్దగా లేదు.

మందు ఉంది. పాదరసం కలిసిన పొడి. శిక్షణలో సారయ్యకు చెప్పింది రెండే మాటలు: విత్తనానికి పట్టించు, ఇది విషమని గట్టిగా చెప్పు. మొదట వెళ్లిన ఊళ్లో ఆయన అలాగే చెప్పాడు. విషం అనగానే ఆ ఊరివాళ్లు విత్తనం మూటలు తీసుకుని ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకున్నారు. "మా భూమికి ఇసం తాగిపిస్తవా?" అని ఒక ముసలాయన కర్ర ఎత్తాడు. ఆ ఏడు ఆ ఊరి జొన్న సగం మసి అయ్యింది. అది చూసి సారయ్య ఒక పాఠం నేర్చుకున్నాడు. తప్పు పాఠం.

మామిడిబోరిలో మొదట ఒప్పుకున్నది హనుమండ్లు. మూడెకరాల రైతు, నోటి దురుసు మనిషి.

"సాబూ, గీ పొడి పట్టిన గింజ తింటే ఏమైతది?" అని సూటిగా అడిగాడు.

సారయ్య నాలుక మీదికి విషం అన్న మాట వచ్చింది. కర్ర ఎత్తిన ముసలాయన గుర్తొచ్చాడు.

"చేదుగుంటది. తినొద్దు," అన్నాడు.

"చేదే గద. కాకరకాయ తింటలేమా?" అని హనుమండ్లు నవ్వి మూట విప్పాడు. ఆయన్ను చూసి ఊరంతా విప్పింది.

సారయ్య చెప్పింది అబద్ధమని కూడా అనలేం. నిజంలో సగం తీసి, జనానికి ఇష్టమైన సగం ఇచ్చాడు. తను మాత్రం ముక్కుకు తువ్వాలు కట్టుకునేవాడు. పని కాగానే సబ్బుతో మోచేతుల దాకా చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవాడు. బావి దగ్గర ఆడవాళ్లు చూసి, "సాబు పిల్లను సూడవోతుండేమో, గన్ని తీర్ల కడుగుతుండు," అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన సిగ్గుపడి నవ్వేవాడు. ఎందుకు కడుగుతున్నాడో ఒక్కరికీ చెప్పలేదు.

ఆ ఊళ్లో విత్తనం వేయాలంటే ఎల్లక్క రావాలి. గొర్రు ముందు ఎడ్లు, వెనుక ఎల్లక్క. గొర్రు మీద చెక్క గిన్నె ఉంటుంది, దాని అడుగున వెదురు గొట్టాలు. నడుస్తూ నడుస్తూ ఆ గిన్నెలోకి పిడికిలితో గింజలు వదలాలి. ఎక్కువ వదిలితే మొక్కలు గుంపుగా లేస్తాయి, తక్కువైతే సాలులో బోడి జాగాలు. ఎల్లక్క పిడికిలి ఎప్పుడూ తప్పలేదు. ఆమె పోసిన చేను మొలిచాక చూస్తే దువ్వెనతో దువ్విన తలలా ఉండేది. భర్త బెల్లంపల్లి బొగ్గుబాయిలకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. ఇంట్లో అత్త శంకరవ్వ, ఒక మేక, ఈ పిడికిలి. ఆమె బతుకంతా ఇంతే.

ఆ ఊరి ఆచారం ఒకటుంది. చేను పోయడం అయ్యాక గిన్నెలో, సంచిలో మిగిలిన విత్తనం మళ్లీ ఇంట్లోకి పోకూడదు. పోతే గాదె ఎండిపోతుందని నమ్మకం. అది పోసిన ఆడమనిషి ఒడిలో పడాలి. సారయ్య సొంత ఊళ్లో అట్లాంటిది లేదు. అక్కడ పెండ్లామే విత్తనం పోస్తుంది, మిగిలింది మూటకట్టి ఇంటికి తెచ్చుకుంటారు. హనుమండ్లు చేను పోసిన రోజు సారయ్య గట్టు మీదే ఉన్నాడు. ఎల్లక్క కొంగు చాపడం, హనుమండ్లు సంచి దులపడం కళ్లారా చూశాడు. ఇంకో చేనుకు తీసుకుపోతోంది కాబోలు అనుకున్నాడు. అడిగి ఉంటే అయిపోయేది.

ఆ ఏడు మృగశిరలో ఒక మంచి వాన పడింది. అందరూ పోశారు. తర్వాత మబ్బు మొహం చాటేసింది. మొలకలు చేతి వేలంత లేచి, ఎండకు మాడి, పట్టుకుంటే పొడి అయ్యాయి. మళ్లీ వాన పడేసరికి పునర్వసు కూడా సగం పోయింది. అందరూ మళ్లీ విత్తనం తీశారు, సారయ్య మళ్లీ కుండ ఊపాడు, ఎల్లక్క మళ్లీ చేనుచేనుకూ పోసింది. రెండోసారి కూడా ఆమె ఒడి నిండింది.

ఆ మధ్యలోనే ఆకలి వచ్చింది. కలుపు లేదు, కూలి లేదు. ఇంట్లో మిగిలిన మక్కలతో గట్క కాచి అత్తకు పోసేది ఎల్లక్క. తను ఒడి గింజలు నీళ్లలో నానబెట్టి, కడిగి, ఎండబోసి విసురుకుని రొట్టె చేసుకుంది. చేదు పోయేదాకా కడిగింది. హనుమండ్లు చెప్పాడు కదా, చేదుంటదని.

పంట బాగా వచ్చింది. కంకి మీద మసి మచ్చ లేదు. పైనుంచి వచ్చిన అధికారి చేను మధ్యలో నిలబడి సారయ్య భుజం తట్టాడు. ఊరు కల్లం దగ్గర సారయ్యకు కొత్త జొన్న అంబలి పోసింది. అదే రోజుల్లో ఎల్లక్క చెయ్యి వణకడం మొదలైంది. మొదట వేళ్లు మొద్దుబారాయి. తర్వాత బిందె పట్టుకోలేకపోయింది. నడక తూలింది. పక్కనుంచి వచ్చే మనిషి ఎదురుగా నిలబడేదాకా కనిపించేవాడు కాదు.

తరువాతి ఎండాకాలం సారయ్య విత్తనాల మాట మాట్లాడదామని హనుమండ్లు ఇంటికి వెళ్లాడు.

"ఈసారి ఇత్తనం మా పక్కింటి చంద్రవ్వ పోస్తది," అన్నాడు హనుమండ్లు.

"ఎల్లక్క ఏమైంది?"

"దాని చెయ్యి పోచమ్మ గుంజుకున్నది, సాబూ. ఇత్తనం పోసుకుంట పోసుకుంట కొంగుల దాసిందట. చంద్రవ్వ సూసిందట. తల్లి ఊకుంటదా? ఏ చేత్తోని దాసిందో గా చేతినే పట్టింది."

"దాచింది అంటే?"

"ఒడి గింజలు ఎట్లయినా ఇస్తం గద. అవి సాలక ఇంకింత..."

సారయ్యకు చివరి మాటలు వినిపించలేదు. ఒడి గింజలు అంటే ఏమిటని అడిగాడు. హనుమండ్లు చెప్పాడు. సారయ్య లేచి నిలబడ్డాడు. చెప్పడానికి అదే సమయం. "మొన్న కల్లంల గూడ అందరు నిన్నే మెచ్చుకున్నరు, సాబూ," అన్నాడు హనుమండ్లు. సారయ్య సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

ఎందుకు చెప్పలేదంటే ఆయన దగ్గర కారణాలు చాలానే ఉన్నాయి. ఇప్పుడు విషమంటే ఒక్కరూ విత్తనానికి మందు పట్టించరు, మళ్లీ జొన్న మసి అవుతుంది, ఊరంతా ఎల్లక్కలా ఆకలి పడుతుంది. ఇవన్నీ నిజాలే. అంతకంటే పెద్ద నిజం, కొత్త జొన్న అంబలి తాగిన నోటితో ఆ మాట చెప్పలేకపోవడం.

చెప్పకుండా, సర్కారు ఉచితంగా చూపిస్తోందని కల్పించి ఎల్లక్కను ఆదిలాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి ఈయన్ను లోపలికి పిలిచాడు. ఏం తిన్నదని అడిగాడు. అక్కడ సారయ్య దాచలేదు.

"నరాలు దెబ్బతిన్నాయి. ఇంక పెరగకుండా చూసుకోవడమే. పోయింది తిరిగి రాదు," అన్నాడు డాక్టరు.

తిరిగి వస్తుంటే బస్సులో ఎల్లక్కే మాట తీసింది.

"నాకు దవాఖాన ఎందుకు సాబూ, ఊకె పరేషాన్ అయితున్నవు. నేను పోచమ్మకు మేకను మొక్కిన. ఇత్తనాలకు ముందుగాల బోనాలు తీస్తరు గద, గా పొద్దు అందరి ముంగట ఒప్పుకుంట."

"ఏం ఒప్పుకుంటవు?"

"గింజలు దాసిన్నని."

"దాచినవా?"

"దాయలే." కిటికీలోంచి బయటికి చూసింది. "గని ఒప్పుకుంటె తల్లి ఇడుస్తదంటుండ్రు. తప్పు జేయకుంటె చెయ్యెందుకు గుంజుకుంటది? నాకే యాదిలేదేమో."

సారయ్య ముందు సీటు కడ్డీ పట్టుకుని తల ఆనించాడు. బోథ్ వచ్చేదాకా ఎత్తలేదు. ఆమె చెయ్యి పోయింది ఆయన మాట వల్ల. ఇప్పుడు ఆమె తనను తానే దొంగ అనుకుంటోంది. అది మాత్రం ఆయన మౌనం వల్ల.

బోనాల ముందురోజు ఆమె గుడిసె ముందు సైకిల్ ఆపాడు. శంకరవ్వ మేకకు ఆకు వేస్తోంది.

"అవ్వా, ఎల్లక్కను పిలువు. మేకను కోయొద్దు. ఆమె తప్పేం లేదు. తప్పు నాది," అన్నాడు. వాకిట్లో నిలబడే అంతా చెప్పాడు. విషమని తనకు తెలుసన్నాడు. చేదని చెప్పానన్నాడు. ఒడిలో పోసుకుంటుంటే చూశానన్నాడు.

శంకరవ్వ చేతిలో కొమ్మ విసిరికొట్టింది. తర్వాత తిట్టింది. ఆయన్ను, ఆయన కుండను, ఆయన్ను కన్నవాళ్లను, సర్కారును. "నీ నోట్లె మన్నువడ, నీ చేతులు మాత్రం సబ్బువెట్టి కడుక్కుంటివి గద రా!" అంది. ఇన్నాళ్లూ ఆయన్ను సాబు అన్న ముసలిది.

ఎల్లక్క గుమ్మం పట్టుకుని నిలబడి విన్నది. ఏడవలేదు. "అయితె తల్లి గాదా?" అంది.

"కాదు. చావడిలో అందరినీ పిలిచి చెప్త, రేపే. హనుమండ్లుకు, పటేలుకు..."

"మగోళ్లకా?" అంది ఎల్లక్క. "మొదలు గూడ వాళ్లకే జెప్తివి. ఇత్తనం పోసేది ఎవరు? ఒడి పట్టేది ఎవరు? నన్ను దొంగ అన్నది ఎవరు? జెప్తె పోచమ్మ కాడ ఆడోళ్ల ముంగట జెప్పు. లేకుంటె మేకను కోస్త, ఒప్పుకుంట. నీ పేరు నీకుంటది."

మరునాడు బోనాలెత్తుకుని ఆడవాళ్లంతా పోచమ్మ దగ్గర చేరారు. మగవాళ్లు దూరంగా డప్పుల దగ్గర ఉన్నారు. మధ్యలోకి ప్యాంటు వేసుకున్న మగమనిషి రావడం చూసి గుసగుసలు పుట్టాయి. "సాబు గూడ బోనమెత్తుతడా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. సారయ్య ఎల్లక్క ఇంటి ముందు చెప్పిందే చెప్పాడు, ఈసారి విషం అన్న మాటతో మొదలుపెట్టి.

నవ్వులు ఆగాయి. ఒకామె బోనం దించి, "ఎల్లక్క ఇన్ని ఇస్తె నేను గూడ తిన్న, మూడు రొట్టెలు జేసుకున్న," అని తన చేతులు చూసుకుంది. ఇంకొకామె, "మా కోళ్లు సచ్చిపాయె, అందుకేనా?" అంది. చంద్రవ్వ వెనక్కి జరగబోయింది. శంకరవ్వ ఆమె దారికి అడ్డం నిలబడింది.

"సూసినన్నవు గద చంద్రవ్వా. ఏం సూసినవో జెప్పు."

చంద్రవ్వ ఎల్లక్క వైపు ఒకసారి చూసి, కింద పెట్టిన ఎల్లక్క బోనాన్ని ఎత్తి ఆమె నెత్తిన పెట్టింది. జారకుండా ఒక చేత్తో పట్టుకునే నడిచింది. శంకరవ్వ మొక్కుకు తెచ్చిన మేకను మళ్లించి ఇంటికి తోలుకుపోయింది.

ఆ ఏడు సగం ఊరు మందు వద్దంది. హనుమండ్లు, "చేదంటివి గదనే సాబూ," అని ఒక్కమాట అని మొహం తిప్పుకున్నాడు. సారయ్య ఇంటింటికీ తిరిగాడు. ముందు విత్తనం పోసే ఆడమనిషిని పిలిపించమనేవాడు. మందు కలపకముందే ఆమె ఒడి గింజలు వేరుగా కట్టించి, విషం అన్న మాట ఆమెకు చెప్పాకే పని మొదలుపెట్టేవాడు. ఒప్పుకున్నవాళ్ల చేలు బాగున్నాయి. ఒప్పుకోనివాళ్ల కంకులు నల్లబడ్డాయి. ఆ నలుపు కూడా సారయ్య తన లెక్కలోనే వేసుకున్నాడు. ఆయన్నెవరూ ఓదార్చలేదు. ఓదార్చాలని ఆయనా కోరుకోలేదు.

జొన్న పాలుపోసుకునే వేళకు ఆడవాళ్లు ఎల్లక్కను పిట్టలు కొట్టే పనికి కుదిర్చారు. మంచె మీద కూర్చుని రేకుడబ్బా వాయించడం. దానికి నిలకడైన చెయ్యి అక్కర్లేదు. సారయ్య ఆ దారిన పోతుంటే పైనుంచి పిలిచింది.

"సాబూ, నడిమిట్ల అడుగుడు మరిచిన. నా చెయ్యి మంచిగైతదా?"

మెల్లగా అవుతుందిలే అనడం ఎంత సులువు. ఆ మాట నిజంగానే నోటి దాకా వచ్చింది.

"కాదు ఎల్లక్కా," అన్నాడు. "డాక్టరు అప్పుడే చెప్పిండు. కాదు."

ఆమె చేను వైపు చూసింది. కంకుల మీద ఒక పిట్టల గుంపు వాలింది. డబ్బా ఎత్తి గట్టిగా వాయించి, "ఓయ్... హోయ్!" అని అరిచింది. పిట్టలు లేచాయి. ఆమె మళ్లీ ఆయన వైపు చూడలేదు. సారయ్య సైకిల్ ఎక్కలేదు. ఆ చేను దాటేదాకా తోసుకుంటూనే నడిచాడు.