మా పడవ బోల్టులు, మరిగే నీళ్లు

శనివారం. రెండు పూటల వంట, రెండు బకెట్ల బట్టలు, రేషను బియ్యం ఏరడం అన్నీ అయ్యాయి. మనసు మాత్రం మా పడవ మోటారు మీదే ఉంది.

రేపటితో వేట నిషేధం అయిపోతుంది. ఎల్లుండి తెల్లవారగానే పడవలన్నీ కదులుతాయి. మా మోటారులో నీటిపంపు మార్చాలి. దాని అల్యూమినియం మూతలో రెండు స్టీలు బోల్టులు ఉప్పుకు పట్టేశాయి. బోల్టు తల విరిగితే ఆటోనగర్‌లో డ్రిల్లు చేయించాలి, మా పడవ ఒడ్డునే ఉండిపోతుంది. మా ఆయనేమో సుత్తితో కొట్టి వదిలించాలని చూస్తున్నారు.

సత్తుగిన్నెలో, అంటే అల్యూమినియం గిన్నెలో, స్టీలు గిన్నె ఇరుక్కుంటే నేను బయటి గిన్నెకు వేడినీళ్లు పట్టిస్తాను, అది సాగి లోపలిదాన్ని వదిలేస్తుంది. అది గుర్తొచ్చి మరిగే నీళ్లు తీసుకెళ్లాను.

“ఏటే, మోటారుకి తానం పోత్తావేటి?” అన్నారు మా ఆయన.

“ముందా సుత్తి కింద ఎట్టు. ఇరిగితే ఎల్లుండి ఒడ్డున కూకుని సూత్తావు.”

మూతకు గుడ్డ చుట్టి నీళ్లు పోస్తూనే ఉన్నాను. మూడో గిన్నెకు స్పానరు కిర్రుమంది, ఒక బోల్టు వచ్చేసింది.

రెండోదానికి ఆయన సుత్తి ముట్టుకోలేదు. “ఇంకో గిన్నె కాయి” అన్నారు.

నీళ్లు పొయ్యి మీద ఉండగా ఇది రాస్తున్నాను. మీ ఇళ్లలో ఇలా పట్టేసినవి దేనికి లొంగాయో చెప్పండి, కాస్త త్వరగా.