పత్తర్‌గట్టిలో ఆగిన కారు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది మా కంపెనీ నన్ను ఫలక్‌నుమా దాటాక కొత్తగా తెరిచిన వర్క్‌షాపుకు టెక్నికల్ హెడ్‌గా వేసింది. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగ్. అక్కడికి విదేశీ కార్లు వచ్చేవి. వాటిలోనూ ఎక్కువ భాగం వేగం కోసం తయారైనవి. టెక్నికల్ హెడ్ అంటే రిపేరు చేసేవాడు అనుకుంటారు. రిపేరు చేసేది టెక్నీషియన్లు, చేయించేది సూపర్‌వైజర్లు. వాళ్లకు అంతుపట్టని లోపం ఏదైనా వస్తే దాన్ని తేల్చి, తేల్చినది రాసి, కింద సంతకం పెట్టడం నా పని. ఆ సంతకాన్ని బట్టి వారంటీ ఉంటుందో పోతుందో, తప్పు ఎవరిదో నిర్ణయమయ్యేది.

ఆషాఢం బోనాలు అయిపోయిన వారం ఒక కారు లారీ మీద వచ్చింది. నల్లటి రెండు తలుపుల కారు. యజమాని గౌలిపురకు చెందిన మహేశ్. వాళ్లది తరతరాలుగా బర్రెలు పెట్టుకుని పాలు అమ్మిన కుటుంబం. మహేశ్ మాత్రం భూముల వ్యాపారంలోకి దిగి బాగా నిలదొక్కుకున్నాడు. కారుతో పాటే పోలీసు ఫిర్యాదు సంగతి కూడా మాకు తెలిసింది. తండ్రి కొమురయ్యకు తెల్లవారుజామున గుండెనొప్పి వస్తే మహేశ్ ఆయనను ఈ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. మీర్‌చౌక్ మీదుగా పత్తర్‌గట్టి చేరేసరికి కారు ఆగిపోయింది. ఆటో దొరికి, మూసీ దాటి ఆసుపత్రికి చేరేసరికి ఆయన పోయాడు. దీనికి నెల ముందు ఆ కారుకు కొత్త బ్యాటరీ వేసింది మా వర్క్‌షాపే. వేసిన టెక్నీషియన్ యూసుఫ్. ఫిర్యాదులో అతని పేరు రాశారు.

యూసుఫ్‌ది ఫలక్‌నుమానే. కార్ల కరెంటు పనిలో పదేళ్ల అనుభవం ఉన్నవాడు. జనరల్ మేనేజర్ అతణ్ణి పని నుంచి పక్కన పెట్టి, విచారణ తేలేదాకా స్టోరులో కూర్చోమన్నాడు.

ఇలాంటి కేసుల్లో ఒక పద్ధతి ఉంది. కారు ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి. స్టార్టు చెయ్యకూడదు, ఒక్క వైరు కూడా కదపకూడదు. విప్పేటప్పుడు యజమాని ఎదురుగా ఉండాలి. మహేశ్ ఫోన్లో రానన్నాడు. దినాలు ముగిశాక నేనే గౌలిపుర వెళ్లాను.

సన్నటి గల్లీలో ఇల్లు, వెనక కొట్టం. వాకిట్లో మహేశ్, అతని తల్లి అండాలమ్మ ఉన్నారు. అతను నన్ను కూర్చోమనలేదు.

“ఏం చూస్తరు సార్ మీరు? మీ మనిషి బ్యాటరీ ఏసిన నెలకే గిట్లయ్యింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తమన్నరు అందరు. అది వచ్చేదాక ఎందుకు, నా కారుంది కదా అన్న. నేనే అన్న. పత్తర్‌గట్టి కాడ ముందుగాల ఏసీ బందయింది. స్టీరింగు ఒక్కసారి బండరాయి లెక్క బిగుసుకున్నది. ఇంజిన్ బందయింది. పక్కకు నూకుదమంటే గేరు పడతలేదు. దుకాణాలన్ని మూసున్నయి. అంత కింది సీట్ల నుంచి బాపును ఒక్కణ్ణే లేపలేకపోయిన సార్.”

మీ ఎదుట తప్ప కారు విప్పను, ఏది కనిపిస్తే అది మీకే ముందు చూపిస్తాను అని అన్నాను. అండాలమ్మ కల్పించుకుంది.

“పో బిడ్డా, పొయ్యి చూడు. సారూ, ఏముంటే గదే చెప్పుండ్రి. మాకోసమని అబద్ధం చెప్పకుండ్రి.”

ఆ మాట ఎందుకన్నదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మర్నాడు మహేశ్ వచ్చాడు. యూసుఫ్ కారును ముట్టుకోకూడదన్నది అతని షరతు. అందుకని పనిముట్లు నేనే పట్టాను. యూసుఫ్ స్టోరు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు.

ఈ రకం కార్లలో ముందంతా ఇంజినే ఆక్రమిస్తుంది కనుక బ్యాటరీ వెనక డిక్కీ అడుగున ఉంటుంది. చాలామంది కారు నడిచేది బ్యాటరీ మీద అనుకుంటారు. బ్యాటరీ పని ముఖ్యంగా ఇంజిన్‌ను లేపడం. లేచాక కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ కారుకు కావలసిన కరెంటు పుట్టిస్తుంది, మిగిలినది బ్యాటరీలో నింపుతుంది. అది చచ్చిపోతే కారు బ్యాటరీలో ఉన్నంతసేపే నడుస్తుంది. పాతకాలపు కారు అయితే ఆ కాస్తతోనే చాలా దూరం లాక్కుపోయేది. వేగం కోసం చేసిన కారులో స్టీరింగు, నీటి పంపు, ఫ్యాన్లు, గేర్లు అన్నీ కరెంటు మీదే. నిల్వ తొందరగా అడుగంటుతుంది. అప్పుడు కారు తనకు ముఖ్యం కాదనుకున్నవి ఒక్కొక్కటిగా ఆపుతూ వస్తుంది. చివరికి గేరు పార్కింగ్‌లో పడి చక్రాలు బిగుసుకుంటాయి. మహేశ్ చెప్పిన వరుస సరిగ్గా అదే.

బ్యాటరీ తీసి ఛార్జింగుకు పెట్టి పరీక్షించాం. దానిలో ఏ లోపమూ లేదు. ఆల్టర్నేటర్ దించి బెంచి మీద తిప్పితే మీటరు ముల్లు కదల్లేదు. విప్పితే లోపలి తీగచుట్టలు నల్లగా మాడి ఉన్నాయి, కరెంటును ఒకే దిక్కుకు పంపే డయోడ్లు కాలిపోయాయి. ఎంతో వేడి భరించి, భరించలేక పోయిన యంత్రం.

ఎందుకు అంత వేడెక్కింది? మళ్లీ డిక్కీ దగ్గరికి వెళ్లాం. బ్యాటరీ నెగటివ్ కొస మీద చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి వచ్చే కరెంటు, పోయే కరెంటు అది లెక్క చూసి కంప్యూటరుకు చెబుతుంది. దాన్ని బట్టే ఆల్టర్నేటర్ ఎంత పనిచెయ్యాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. కారుకు కొత్తగా ఏది తగిలించినా దాని వైరు నేరుగా బ్యాటరీకి కాక సెన్సర్ అవతలి వైపు తగిలించాలి, అప్పుడే అది లెక్కలోకి వస్తుంది. ఇక్కడ బొటనవేలంత లావు నల్లవైరు ఒకటి సెన్సర్‌ను తప్పించి నేరుగా బ్యాటరీ కొసకే బిగించి ఉంది. అది వెనక సీటు కింద పెట్టిన పెద్ద ఆంప్లిఫయరుకు పోతోంది.

నేను ఆ వైరు మీద టార్చి వేసి ఆగాను. ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను. మహేశే అడిగాడు.

“సార్, గది నేను పెట్టించినదే కదా?”

“ఎప్పుడు పెట్టించారు?”

“బోనాలకు. మీ దగ్గర బ్యాటరీ మార్చినంక. ఊరేగింపుల పాటలు పెడదామని.”

“ఊరేగింపులో కారు ఎంతసేపు నడిచింది?”

“నడుసుడేంది సార్, నత్త నడకే. ఇంజిన్ బందు చెయ్యకుండ పొద్దుమూకేదాక పాటలు పెట్టినం.”

కారు నిలబడి ఉంటే ఇంజిన్‌కు గాలి తగలదు. ఆల్టర్నేటర్ మెల్లగా తిరుగుతూ, వేడిలో మగ్గుతూ, తన శక్తికి మించి కరెంటు ఇవ్వాలి. పైగా ఆంప్లిఫయరు లాగేది సెన్సర్‌కు కనపడదు కనుక బ్యాటరీ నిండే ఉందని కంప్యూటరు అనుకుంటుంది. బ్యాటరీ ఖాళీ అవుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, తెలిశాక భారమంతా ఒక్కసారిగా ఆల్టర్నేటర్ మీద పడుతుంది. నేను ఇదంతా అతనికి చెప్పి, తర్వాత డాష్‌బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలిగిందా అని అడిగాను.

“వెలిగింది. బోనాల తెల్లారి నుంచే. పాటల సిస్టం పెట్టినోనికి ఫోన్ చేస్తే, కొత్త బ్యాటరీ కదా అన్నా, సెట్ అయితది, ఫికర్ చెయ్యకు అన్నడు. అటెన్క బండి ఎక్కువ తియ్యలే.”

ఆ బొమ్మ బ్యాటరీ గురించి కాదు, ఛార్జింగు ఆగిపోయిందని చెప్పడానికి. అది వెలిగాక కారు తియ్యకూడదు. ఈ మాట అతనికి చెప్పవలసిన అవసరం లేకపోయింది. డిక్కీ అంచు మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తర్వాత తలెత్తి అన్నాడు:

“సార్, నాకు తెలిసింది చాలు. అమ్మకు తెల్వనియ్యకుండ్రి. మీకు దండం పెడత.”

ఆ సాయంత్రం జనరల్ మేనేజర్ నన్ను గదికి పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. ‘ఆల్టర్నేటర్ పాడైంది, కారణం తేలలేదు’ అని రాయమన్నాడు. కొత్తది మనమే ఉచితంగా వేద్దాం, వాళ్లు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు, తండ్రిని పోగొట్టుకున్నవాడి నెత్తిన నిందపెట్టి మనం సాధించేదేముంది అన్నాడు. యజమాని కోరిందీ అదే, కంపెనీ కోరిందీ అదే. దయగల మాటగానే కనిపించింది. ఆ రోజు నేను కూడా దాదాపు ఒప్పుకున్నాను.

స్టోరు ముందు నుంచి వెళ్తుంటే యూసుఫ్ లేచి నిలబడ్డాడు. కారులో ఏం కనపడిందో అతను దూరం నుంచే గ్రహించాడు, మేనేజరు ఏం రాయమన్నాడో కూడా అప్పటికే అతని చెవిన పడింది.

“సార్, ఆయన బాప్ పోయిండు. ఆ దుఃఖం నాకు తెలుసు, మా అబ్బా పోయి ఇంకా ఏడాది కాలే. కానీ మా మొహల్లాల మనిషిని చంపినోడంటున్నరు నన్ను. మస్జిద్ ముంగట నిలబడితే మాట బందు చేస్తున్నరు. కారణం తేలలేదని రాస్తే, యూసుఫే చేసిండన్నట్టే కదా సార్?”

అతను అన్నది నిజం. కారణం రాయని చోట జనం తమకు తోచిన పేరు రాసుకుంటారు. ఆ పేరు ఇప్పటికే ఫిర్యాదులో ఉంది.

మర్నాడు మహేశ్‌ను మళ్లీ పిలిపించి కూర్చోబెట్టాను. నివేదికలో వైరు సంగతి రాయక తప్పదని, రాయకపోతే నింద యూసుఫ్ మీదే మిగిలిపోతుందని చెప్పాను. అతను కోప్పడలేదు. “ఇంక నేను ఇంటికెట్ల పోవాలె సార్?” అన్నాడు.

అప్పుడు నేను చెప్పినది నాకు బాగా గుర్తుంది. “మహేశ్ గారూ, కారు ఎందుకు ఆగిందో నేను చెప్పగలను. మీ నాన్నగారు ఎందుకు పోయారో నేను చెప్పలేను. ఈ రెండూ ఒకటే ప్రశ్న అని మీరు అనుకుంటున్నారు. మొన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. రెండోది నా చదువు కాదు. ఆసుపత్రికి వెళ్లి, ఆయనను చూసిన డాక్టరును అడగండి. మీ అమ్మగారికి మాత్రం నా కాగితం చేరకముందే మీరే చెప్పండి.”

సంతకం పెట్టిన నివేదిక వారంపాటు నా దగ్గరే ఉంచుకున్నాను. మేనేజరు రెండుసార్లు అడిగాడు. యజమానికి గడువిచ్చానని చెప్పాను. ఆయనకు నచ్చలేదు కానీ, సంతకం నాది కనుక బలవంతపెట్టలేదు.

వారం తిరిగాక మహేశ్ తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. అండాలమ్మ నేరుగా నా దగ్గరికి రాలేదు. యూసుఫ్ ఎవరని అడిగి స్టోరు దగ్గరికి వెళ్లింది.

“బిడ్డా, కోపంల నీ పేరు రాసినం. నిన్ననే ఠాణాకు పొయ్యి తీసేపిచ్చినం. మీ మొహల్లాల ఎవరన్న ఏమన్న అంటే నన్ను పిలువు, నేనొచ్చి చెప్త.”

యూసుఫ్ తల వంచుకుని “సరే అమ్మా” అని మాత్రం అన్నాడు.

తర్వాత నా గదిలో కూర్చుని, కొడుకు ముందే ఆమె నాతో మాట్లాడింది.

“పిల్లగాడు అంత చెప్పిండు సారూ. చెప్పి కాళ్లు పట్టుకున్నడు. నేను కూడ వాని కాళ్లు పట్టుకోవాల్సినదాన్నే. ఆయనకు నొప్పి వాడు లేచినంక రాలే. పాలు పిండుతున్నప్పుడే వచ్చింది. ఛాతిల పట్టుకున్నట్టుంది అన్నడు. ఇంక రెండు బర్రెలే ఉన్నయి, పిండినంక పోదమన్న. గ్యాసేమో అనుకున్న. ఆయన కూడ సరే అన్నడు. అన్ని పిండినంకనే కూలబడ్డడు. ఈ మాట ఇన్ని దినాలు ఎవరికి చెప్పలే. గందుకే అబద్ధం చెప్పకుండ్రని ఆనాడు మీకు చెప్పిన.”

మహేశ్ తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు ఏమన్నాడని అడిగాను. పెద్ద రక్తనాళమే మూసుకుపోయిందని, ముందే వచ్చి ఉంటే బతికేవాడని గానీ బతికేవాడు కాడని గానీ తను చెప్పలేనని అన్నాడట. నేను చెప్పినట్టే ఆయనా తన హద్దు దగ్గర ఆగాడు.

ఆల్టర్నేటర్ మార్చాం. ఖర్చు మహేశే పెట్టుకున్నాడు, ఉచితం వద్దన్నాడు. ఆంప్లిఫయరు తీసేయించాడు. నల్లవైరు యూసుఫ్ చేతనే విప్పించమని అడిగాడు. ఇద్దరూ డిక్కీ మీద వంగి ఆ పని ముగించారు. కొన్నాళ్లకు కారు అమ్మేశాడని తెలిసింది. యూసుఫ్ నేను రిటైరయ్యేనాటికి సూపర్‌వైజర్ అయ్యాడు.

అంతకుముందు ఎన్నో నివేదికలు రాశాను. కారణం సరిగ్గా పట్టుకుంటే నా బాధ్యత తీరిందనుకునేవాణ్ణి. కారణం అనేది ఒక్కచోట మొదలై ఒక్కచోట ముగిసేది కాదని, మనం మన పని ఉన్నంత మేరకే దాన్ని తవ్వుతామని ఈ కేసులో తెలుసుకున్నాను. తవ్విన మేర నిజం రాయాలి. ఎవరి మీది జాలితోనైనా దాన్ని ఖాళీగా వదిలితే, ఆ ఖాళీ ఇంకొకరి మీద పడుతుంది. అలాగే మన తవ్వకం ఎక్కడ ఆగిందో కూడా రాయాలి. లేకపోతే చదివేవాడు మనం చెప్పని దాన్ని కూడా మన సంతకం కిందే చదువుకుంటాడు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా ప్రతి నివేదికలోనూ మొదటి వాక్యం ఒకటే ఉండేది: ఈ కాగితం వాహనం ఎందుకు ఆగిందో మాత్రమే చెబుతుంది.