అద్దాలక్క డిగ్రీ

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ఇరవై రెండేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్న ఆమెను అందరూ అద్దాలక్క అనే పిలుస్తారు. ఫ్రేములో అద్దం వెంట్రుకవాసి వదులుగా ఉన్నా వేలికొనతో పట్టేస్తుంది. అందుకే పిల్లలకు ఈ పని నేర్పమంటూ వృత్తి శిక్షణ కేంద్రం వాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. అంతా కుదిరాక చివర్లో ఒక్క మాట అడిగారు.

"డిగ్రీ ఉంది కదా?"

లేదు. రెండేళ్ళు చదివింది. నాన్న మంచాన పడడంతో, మూడో ఏడు మొదలయ్యే నెలలోనే ఈ దుకాణంలో చేరింది.

నలభై మూడేళ్ళకు మళ్ళీ ఓనమాలు దిద్దాలా అనుకుంటూనే కాలేజీ మెట్లెక్కింది. అడ్మిషన్ల గదిలోని ఉద్యోగిని పాత మార్కుల పట్టీ చూసి నవ్వింది.

"మొదట్నుంచీ ఎందుకండీ? అప్పుడు పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు ఇక్కడికి మార్పించుకోవచ్చు. మిగిలినవాటిలో మీకు బాగా తెలిసిన సబ్జెక్టులకు క్లాసులో కూర్చోనక్కర్లేదు, పరీక్ష రాసి పాసైతే చాలు. కాకపోతే అప్పటి సిలబస్ తేవాలి."

పాత కాలేజీ ఎప్పుడో ఇంకో కాలేజీలో కలిసిపోయింది. అక్కడి రికార్డుల గది గుమాస్తా తల గోక్కున్నాడు.

"అన్నేళ్ళ నాటివా? ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి."

అలా గొణిగిన మనిషే మూడు రోజులు అటకలన్నీ దులిపాడు. ముప్పై ఎనిమిది పేజీలు జిరాక్సు తీయించి, ప్రతిదానిమీదా ముద్ర వేసి, తుమ్ముతూ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె రెండు చేతులూ జోడించింది.

పాత చదువు దాదాపు అంతా లెక్కలోకి వచ్చింది. మిగిలినవాటిలో కాంతిశాస్త్రం, గణాంకశాస్త్రం పరీక్షలతో గట్టెక్కవచ్చన్నారు. ఇంట్లో అత్తగారు వంటగది గట్టు మీద పుస్తకం పెట్టుకుని ప్రశ్నలు వేసేది.

"ఏమేవ్, వక్రీభవనమంటే ఏంటి?"

"వెలుతురు గాజులోకి వెళ్తూ దారి మళ్ళడం అత్తయ్యా."

"ఇంతేనా? దీనికింత నోరు తిరగని పేరెందుకే!"

కాంతిశాస్త్రం పరీక్ష నల్లేరు మీద నడకే అయింది. రోజూ చేతుల్లో తిప్పే అద్దాల గురించే అడిగారు. గణాంకశాస్త్రం మాత్రం మూడు మార్కుల తేడాతో తప్పింది. ఆ సాయంత్రం బస్టాపులో కూర్చుని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చింది. అత్తగారు మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది.

"పోయింది ఒక్కటేగా! దానికి క్లాసుకెళ్ళు. సాయంత్రం వంట నేను చూసుకుంటా. ఉప్పు తక్కువైందని మాత్రం అనకు."

ఏడాదిన్నర పాటు మిగిలిన సబ్జెక్టులతో పాటు గణాంకశాస్త్రానికీ సాయంత్రం క్లాసులకు వెళ్ళింది. తన కూతురి ఈడు పిల్లలు ఆంటీ అంటూనే నోట్సు ఇచ్చారు, అర్థంకాని లెక్కలు ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ చెప్పారు. రెండోసారి అరవై ఎనిమిది మార్కులు వచ్చాయి.

డిగ్రీ చేతికొచ్చిన నెలలోనే శిక్షణ కేంద్రంలో చేరింది. దుకాణం యజమాని ఆమెను వదులుకోలేక ఒంటిపూట పనికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు పొద్దున పాఠాలు, మధ్యాహ్నం అద్దాలు.

ఎవరైనా మెచ్చుకుంటే, "అందరూ తలో చెయ్యి వేశారండీ. లేకపోతే నావల్ల అయ్యేదా?" అంటుంది.

అత్తగారు మాత్రం ఊరుకోదు.

"ఎందరు చెయ్యి వేసినా పరీక్ష రాసింది నీ చెయ్యే కదే!"