ఆదివారపు పొగ

మా పొరుగాయన పోయిన గురువారం ఒంగోలు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన లెక్కలు తప్పని చాటి, చనిపోయిన మనిషి పరువు నేను తీస్తున్నానని పర్చూరులో ఒక మాట తిరుగుతోందట. అది నిజం కాదు. తప్పును పట్టుకున్నది నేనే. చాటమన్నది మాత్రం ఆయన.

ఆయన వాతావరణ పరిశీలకులు. మనవాళ్లు దక్షిణ ధ్రువ ఖండానికి వెళ్లడం మొదలైన తొలి ఏళ్లలో ఒక బృందంతో వెళ్లి, అక్కడి గాలిని తెల్లని కాగితాల గుండా వడకట్టి తెచ్చారు. కాగితం ఎంత నల్లబడితే గాలిలో అంత మసి ఉన్నట్టు. ఆదివారాల కాగితాలు మిగతావాటికంటే నల్లగా ఉండేవి. దూరదేశాల పొగ వారానికోసారి అక్కడికి చేరుతోందని ఆయన నివేదికలో రాశారు. పెద్దలు మెచ్చుకున్నారు.

పదవీ విరమణ చేశాక, సాయంత్రాలు మా వసారాలో ఆ కాగితాలు పరిచి చూపేవారు. పట్టకారుతో తప్ప వాటిని ముట్టుకునేవారు కాదు. మా పెరట్లో మిరపకాయలు ఆరబోసిన రోజున ఆ కాగితాల సంచీయే విప్పేవారు కాదు. "దుమ్ముకి మొహమాటం ఉండదండీ" అనేవారు.

కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినదాన్ని కనుక నాకు సందేహం కలిగింది.

"పొగకి ఆదివారమని ఎలా తెలుస్తుందండీ? ఆ రోజు మీరేం చేసేవారు?"

"ప్రార్థన చేసుకుని, మా అక్క కట్టిచ్చిన ఊరమిరపకాయలు వేయించేవాణ్ణి మేడమ్‌గారూ. అందరూ దగ్గుతూనే తినేవాళ్లు" అని నవ్వబోయి, ఆగిపోయారు.

మర్నాడు పొద్దున్నే అక్కడ రాసుకున్న డైరీతో వచ్చారు. శిబిరం వంటగది వైపు నుంచి గాలి వీచిన రోజుల కాగితాలను పక్కకు తీసి, నెలల తరబడి కూర్చుని లెక్క మళ్లీ కట్టాం. ధ్రువపు గాలిలో మసి ఆయన మొదట రాసినదానికంటే బాగా తక్కువని తేలింది. తప్పును దిద్దుకోవడం గురించి నేను తరగతిలో ఎన్నో ఏళ్లు మాట్లాడాను. ఆయన చేసి చూపారు. అందుకు నేను కృతజ్ఞురాలిని.

నివేదిక అందుకున్న కార్యాలయానికి సవరణ ఉత్తరం ఆయనే టైపు చేశారు. సంతకం చేసేలోపే గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రిలో నా చేయి పట్టుకుని, "పంపెయ్యండి. నా తప్పు మీద ఇంకొకరు లెక్క కట్టకూడదు" అన్నారు.

వాళ్ల అన్నగారు రెండుసార్లు మా ఇంటికి వచ్చారు. "పోయినవాడి తప్పు ఇప్పుడెందుకండీ? మంచిపేరుతోనే పోనివ్వండి" అని బతిమాలారు. ఆయన దుఃఖం నాకు అర్థమైంది. సలహా మాత్రం నేనడగలేదు.

ఆయన సంతకం ఉండాల్సిన చోట జరిగినదంతా రాసి, కింద నా పేరు పెట్టాను. నిన్న ఉదయం ఒక్కదాన్నే వెళ్లి రిజిస్టరు పోస్టులో పంపాను. బయట పత్తి బండ్లు వెళ్తున్నాయి. ముద్ర సిరా ఆరకముందే సన్నని నూగు ఒకటి ఎగిరివచ్చి కవరుకు అంటుకుంది.