నీళ్ళకు దిగని గొర్రెలు

నా గేమ్‌లో గొర్రెలు నీళ్ళలోకి దిగవు. ఎంత పిలిచినా ఒడ్డు దాకా వచ్చి ఆగిపోతాయి. ఆ నియమం నేనే రాశాను. గొర్రెకు నీళ్ళంటే భయమని ఎవరిని అడిగినా చెబుతారు, దానికి మళ్ళీ పరిశోధన ఎందుకనుకున్నాను.

అది తప్పని చెప్పింది ఒక్క మా చిన్నాయనే. చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు, జమ్మలమడుగు చుట్టుపక్కల గొర్రెలు మేపుతాడు. ఒకసారి ఏదో పని మీద ప్రొద్దుటూరు వచ్చి, అద్దెకున్న నా గదిలో మజ్జిగ తాగుతుంటే పట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. నా గేమ్ పెద్దదేం కాదు. వెనక కంపెనీ లేదు, జట్టు లేదు. బొమ్మలు నేనే, కోడ్ నేనే, బాగాలేదని తిట్లు తినేదీ నేనే. తుపాను వస్తుంటుంది. వంక పొంగేలోపు ఒక కాపరి తన మందను మిట్ట మీదికి చేర్చాలి. అంతే ఆట. అందులో ఒకే ఒక మీట ఉంటుంది. దాని పేరు కేక. అది నొక్కితే కాపరి పిలుస్తాడు, మంద అతని వైపు నడుస్తుంది.

ఆ కేక చిన్నాయనదే. నాలుక అంగిటికి కొట్టి రెండు టిక్కులు, తర్వాత సాగదీసి "ద్దా... ద్దా... హోయ్". ఎండాకాలంలో ఆయన వెంట రెండు రోజులు తిరిగి ఫోన్లో రికార్డు చేసుకున్నాను. కాపరికో కేక ఉంటుంది. నీళ్ళ దగ్గర రెండు మందలు కలిసిపోతే ఇద్దరు కాపరులూ చెరొక పక్క నిలబడి పిలుస్తారు, ఎవరి గొర్రెలు వాళ్ళ వైపు విడిపోతాయి. అది చూసిన రోజే ఈ గేమ్ చేయాలనిపించింది.

ఆ రోజు చిన్నాయన కేక మీట నొక్కాడు. తన గొంతు తనకే వినిపించేసరికి సిగ్గుపడి నవ్వాడు. తర్వాత తెరకు మొహం దగ్గరగా పెట్టాడు.

"ఏంది పాపా, ఇవి ఒడ్డున నిలబడినాయి?"

"నీళ్ళు చిన్నాయనా. వాటికి భయం కదా."

"భయమే. కానీ నేను పిలిస్తే దిగుతాయి. ఏట్లోకి గూడా దిగుతాయి."

"అవునవును, నువ్వు పిలిస్తే నిప్పుల్లోకైనా దూకుతాయి," అని ఎగతాళి చేశాను. ఆయన మళ్ళీ నవ్వాడు. కాపరులు తమ గొర్రెల గురించి గొప్పలు చెప్పుకోవడం నాకు కొత్తేమీ కాదు. నియమం మార్చలేదు.

శనగ విత్తే కాలంలో తుపాను కబురు వచ్చింది. తుపాను అంటే కోస్తా వాళ్ళకుండే భయం మా వైపు ఉండదు. సముద్రం మాకు ఎక్కడో ఉంది. మాకు తుపాను అంటే వాన, వాన అంటే బోరులో నీళ్ళు. నా గది కింద బట్టల అంగడి నడిపే ఇంటాయన తానులన్నీ కింది అరల నుంచి పై అరలకు ఎక్కిస్తూ కూడా సంబరంగానే ఉన్నాడు.

"రానీమ్మా. శానా దినాలాయె ఊరు తడిసి," అన్నాడు.

వీధి మొత్తంలో ప్రళయానికి సిద్ధమైనట్టు సిద్ధమైంది నేనొక్కదాన్నే. ఆ ఆదివారం లోపల ఒక పోటీకి గేమ్ నమూనా పంపాలి. కరెంటు పోతే నా పని గోవిందా. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోయించాను. కొవ్వొత్తులు కొన్నాను. గేమ్ మొత్తాన్ని, అందులోని ప్రతి శబ్దంతో సహా, నాలుగు నకళ్ళు తీశాను. ఒకటి బియ్యం డబ్బాలో, ఒకటి పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో చీరల మధ్య, ఒకటి మెడలో తాడుకు, ఇంకొకటి ఇంటర్నెట్‌లో. మెడలోని పెన్‌డ్రైవ్‌ను రవికె లోపలికి దోపుకుంటుంటే ఇంటాయన చూశాడు.

"బంగారమా ఏందమ్మా?" అని అడిగాడు. వీధికో బంగారం అంగడి ఉండే ప్రొద్దుటూరులో ఇంకేం అడుగుతారు.

శుక్రవారం పొద్దున పులివెందుల నుంచి అమ్మ ఫోన్ చేసింది. అక్కడ మాకు కౌలుకు తీసుకున్న అరటి తోట ఉంది.

"ఈడ చెట్లకు బొంగులు కడతాండాం, తీరుబడి ల్యా. మీ చిన్నాయన ఫోను ఎత్తల్యా. నువ్వు దగ్గర్లో ఉండావు గదా, పోయి మందను మిట్టకు తోలిచ్చి రా."

నాకు విసుగొచ్చింది. పని మధ్యలో ఈ పోరేమిటని గొణుక్కుంటూనే లాప్‌టాప్, దానికి తగిలించే చిన్న స్పీకర్ సంచిలో వేసుకుని బస్సెక్కాను. గేమ్‌లో ఒక్క లోపం మిగిలింది. వాన చప్పుడులో కేక సరిగా వినిపించడం లేదు. అక్కడే ఎక్కడైనా కూర్చుని సరిచేసుకోవచ్చనుకున్నాను.

నేను చేరేసరికి చిన్నాయన చేయాల్సినవన్నీ చేసేసి ఉన్నాడు. ఆ నెల మంద ఒక రైతు చేలో ఆగుతోంది. విత్తే ముందు చేనికి గొర్రెల ఎరువు పడాలని రైతులు కాపరులను పిలిపించుకుని రాత్రిళ్ళు మందను తమ చేలో ఆపించుకుంటారు. ఆ చేను పల్లంలో ఉంది, పక్కనే వంక. మామూలు రోజుల్లో అందులో ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆ రోజు పైన ఎక్కడో వాన పడి చీలమండ మునిగేంత నీరు వస్తోంది. చిన్నాయన పొద్దున్నే డెబ్బై చిల్లర గొర్రెలనూ వంక దాటించి, అవతలి మిట్ట మీద గుంజలు పాతి, చుట్టూ వల కట్టి, కుక్కను కాపలా పెట్టాడు. కొత్తగా పుట్టిన పిల్లలను మాత్రం చంకనేసుకుని ఇవతలికి తెచ్చి రైతు మోటారు రూములో పెట్టాడు. ఎత్తైన అరుగు మీద కట్టిన, రేకుల కప్పున్న చిన్న గది అది.

"మీయమ్మకు చెప్పు. మిట్టకు నీళ్ళు రావు, మందకేం కాదు," అన్నాడు. "నీళ్ళు పెరిగితే నేను ఈడనే పండుకుంటా. రేపు తగ్గినాక పోతా. అంతవరకు అవి మెదలకుండా పండుకుంటాయి."

తర్వాత వానకు కప్పే పట్టలు తెస్తానని చిన్నాయన రైతుతో కలిసి అతని బండి మీద జమ్మలమడుగు బయల్దేరాడు. బండెక్కుతూ, "ఈడ నుంచి అన్నీ కనపడతాయి. కన్నేసి ఉండు పాపా, గంటలో వస్తా," అన్నాడు. నేను సరేనన్నాను.

మధ్యాహ్నం రెండు దాటాక వాన గట్టిగా పట్టుకుంది. వంక ఎర్రగా, వెడల్పుగా అయింది. అవతల మిట్ట మీద మంద ఒకదానికొకటి ఆనుకుని తలలు వంచి నిలబడి ఉంది. ఒకటికి రెండు సార్లు చూశాను. బాగానే ఉంది. వెలుతురు తెర మీద పడకుండా వాకిలికి వీపు పెట్టి కూర్చుని, పక్కన గొర్రెపిల్లలు నా చీర కుచ్చిళ్ళు నములుతుంటే పనిలో పడ్డాను.

రేకుల మీద వాన మోతకు లోపల ఏమీ వినిపించడం లేదు. స్పీకర్‌ను తీసుకెళ్ళి గడప మీద పెట్టాను. కేక మీట నొక్కాను. చాలలేదు. శబ్దం పెంచి మళ్ళీ నొక్కాను. ఇంకా పెంచాను. వాన ఎంత గట్టిగా ఉన్నా కేక దాన్ని చీల్చుకుని రావాలి, అదీ నాకు కావలసింది. పది సార్లు నొక్కానో ఇరవై సార్లు నొక్కానో తెలియదు. తెర మీద మంద ఒడ్డు దాకా వచ్చి ఆగింది. నియమం ప్రకారం నీళ్ళకు దిగలేదు. కేక మాత్రం ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తోందని సంతోషపడ్డాను.

రేకుల మోత ఒక్క క్షణం తగ్గింది, అప్పుడు గంట వినిపించింది. మందకు ముందు నడిచే పొట్టేలు మెడలో గంట. బాగుందే అనుకున్నాను ముందు. ఆ వెంటనే గుర్తొచ్చింది, గేమ్‌లో గంట చప్పుడు నేనింకా పెట్టలేదు.

వెనక్కి తిరిగాను. తెర మీద గొర్రెలు కదల్లేదు, బయట కదిలాయి. తడిసిన నేలలో గుంజలు వాలిపోయి, వల పొట్టేలు కొమ్ములకు చిక్కుకుని, అది ఆ వలను ఈడ్చుకుంటూనే నీళ్ళలో సగం దాకా వచ్చేసింది. దాని వెనక మంద. కుక్క ఒడ్డున పిచ్చెత్తినట్టు మొరుగుతోంది. ఒక్క గొర్రె కూడా దాన్ని లెక్కచేయడం లేదు. అన్నిటి మొహాలూ నా గడప వైపే ఉన్నాయి.

చెప్పుల్లేకుండా వంక దాకా పరిగెత్తాను. "వద్దు, వద్దు, పోండి," అని అరిచాను. నా అరుపు వాటికి ఏం పట్టింది? నేనెవరు వాటికి?

కేక ఆగిపోయేసరికి నీళ్ళలో ఉన్నవి నడుమనే నిలబడిపోయాయి. ముందుకు రావాలో వెనక్కి పోవాలో తెలియక తలలు ఆ పక్కా ఈ పక్కా తిప్పాయి. నిలబడ్డవాటిని ప్రవాహం పక్కకు నెట్టింది. ఒకటి పోయింది. కళ్ళ ముందు, అరవకుండా, నోరు తెరిచి పోయింది. ఇంకొకటి పోయింది.

పిలిస్తే నీళ్ళలో ఉన్నవి ఒడ్డుకు వస్తాయి. పిలిస్తే అవతల మిగిలినవి కూడా నీళ్ళకు దిగుతాయి. ఆ రెండూ నాకు స్పష్టంగా అర్థమయ్యాయి. ఇలాంటి చిక్కుముడిని ఆటలో పెట్టడానికి నేను నెలలు తలబద్దలు కొట్టుకున్నాను. అక్కడ నాకు ఊపిరి పీల్చుకునేంత సమయం కూడా లేదు.

గదిలోకి పరిగెత్తి మీట నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. బురద వేళ్ళతో నొక్కుతూ, ఏడుస్తూ, బయటికి చూడకుండా నొక్కాను. చిన్నాయన గొంతు నింపాదిగా, ఎండాకాలపు గొంతు, ద్దా ద్దా అంటూనే ఉంది.

పొట్టేలు వలతో సహా గడప దాకా వచ్చి స్పీకర్‌ను వాసన చూసింది.

కాసేపటికి చిన్నాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. బండి దారిలో బురదలో దిగబడితే, దాన్ని రైతుకు వదిలేసి నడిచి వస్తున్నాడట. దూరం నుంచే ఆయనకు తన కేక వినిపించింది. గడప దగ్గర తడిసి వణుకుతున్న మందను చూశాడు, వంకను చూశాడు, కుక్క ఒక్కటే మిగిలిన మిట్టను చూశాడు. స్పీకర్‌ను మాత్రం ఇంకా చూడలేదు.

"ఎవురు పాపా పిలిచింది?" అన్నాడు.

నేను చెప్పాల్సింది చాలా ఉంది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఒక్కటే.

"నువ్వే చిన్నాయనా."

ఆయన అప్పుడు గడప మీది స్పీకర్‌ను చూశాడు. గొర్రెల మధ్య తిరుగుతూ ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. పదకొండు లేవు. మోటారు రూములోని పిల్లల్లో మూడింటికి తల్లులు లేవు. అవి అప్పటికీ నా కుచ్చిళ్ళు వదల్లేదు.

పొద్దునకు వాన వెలిసింది. వంక తగ్గింది. ఆకాశం ఏమీ ఎరగనట్టు తెల్లగా ఉంది. చిన్నాయన మందను రోడ్డు మీదికి తోలాలని వంద అడుగులు ముందుకు పోయి నిలబడ్డాడు. నాలుకతో రెండు టిక్కులు కొట్టి, "ద్దా... ద్దా... హోయ్," అని పిలిచాడు.

గొర్రెలన్నీ తలలెత్తాయి. తర్వాత ఒక అడుగు వెనక్కి వేశాయి.

పుట్టిన దగ్గర్నుంచీ వాటిని సాకిన మనిషి ఆయన. రెండోసారి పిలవలేదు. చేతి కర్ర కిందికి దించి, చాలాసేపు వాటి వైపు చూస్తూ నిలబడ్డాడు. ముందు రోజు పదకొండు పోయినప్పుడు కూడా అంత దిగులు ఆయన మొహంలో చూడలేదు.

"తిట్టు చిన్నాయనా. కొట్టు నన్ను," అన్నాను.

"నిన్నేం అనేది పాపా. నిన్ను నమ్మి దిగింటే నిన్నే తిట్టేవాణ్ణి. అవి నన్ను నమ్మి దిగినాయి," అన్నాడు.

ఆ ఆదివారం నేను నమూనా పంపలేదు. గేమ్‌ను పక్కన పెట్టడం చేతగాక చాలా రోజుల తర్వాత మళ్ళీ తెరిచాను. నియమం మార్చాను. ఇప్పుడు నా గొర్రెలు పిలిస్తే నీళ్ళలోకి దిగుతాయి. కేక మీట ఇంకా ఉంది కానీ నొక్కితే చప్పుడు రాదు. ఆడి చూసినవాళ్ళు శబ్దం పెట్టడం మరిచిపోయావని చెబుతుంటారు.

చిన్నాయన కొన్ని నెలలు తంటాలు పడి మందకు కొత్త గుర్తు నేర్పుకున్నాడు. పాత నూనె డబ్బా ఒకటి నడుముకు కట్టుకుని కర్రతో కొడతాడు. గొర్రెలు వస్తాయి, మునుపటంత తొందరగా కాదు. నేను పోయినప్పుడు నవ్వుతూనే పలకరిస్తాడు, మజ్జిగ ఇప్పిస్తాడు. డబ్బా కొట్టే ముందు మాత్రం చెయ్యి చాపుతాడు, నేను ఫోన్ తీసి ఆయన చేతికిస్తాను. దాన్ని గొంగడిలో చుట్టి దూరంగా పెట్టి వస్తాడు.

ఆ పాత కేక ఆయన నోట మళ్ళీ వినలేదు. తుపానుకు పోతుందేమోనని నేను దాచిన నకళ్ళు నాలుగూ భద్రంగా ఉన్నాయి.